చిలకమ్మ సాలు అనేదాకా

611. బుధవారం

ఈ రోజు ప్రశ్నల గంటలో కొండ మీద బడిపిల్లలు మా పడవలోని మాటల యంత్రంలో అడిగినవి: మీరు ఏ నీళ్ళతో స్నానం చేస్తారు, చేపలు పడుకుంటాయా, సముద్రానికి అవతలి గట్టు మీద ఎవరుంటారు. మొదటిదానికి నేనే జవాబు చెప్పాను. వాన పడితే వాన నీళ్ళతో చేస్తాం, పడకపోతే చెయ్యం, అందుకే పడవలో ఉన్న ముగ్గురం గాలివాటు చూసుకుని దూరదూరంగా కూర్చుంటాం అన్నాను. మా మాట కొండెక్కి, వాళ్ళ నవ్వు ఇక్కడికి దిగి రావడానికి రెండు ఊపిరులు పడుతుంది. ఆ రెండు ఊపిరుల సేపూ నాకు గుబులే, నవ్వుతారో లేదో అని. నవ్వారు.

మిగతా రెండింటికీ మా పడవలో చదువుకున్న కుర్రాడు డానియేలు చెప్పాడు. వాడు చెబితే ఇక తిరుగులేదు. చేపకు రెప్పలుండవు, కళ్ళు తెరుచుకునే కునుకు తీస్తుంది, మీ తరగతిలో కూడా అలాంటి వాళ్ళు ఉంటారు చూడండి అన్నాడు. పిల్లలు కిలకిలా నవ్వి, "చాలు" అనేశారు. అడిగిన పిల్ల చాలు అంటే ప్రశ్న మూసేసినట్టే. పడవ నడిపే సరంగు గుర్రయ్య బావ పలక మీద ఆ మూడూ చెరిపేశాడు.

ఇక పలక మీద ఒక్కటే ఉంది. అది కూడా చెరిగిపోతే పడవ వెనక్కి పోవాలి. తీరం మునిగి అందరం కొండలెక్కిన కొత్తలో పెద్దలు పెట్టుకున్న కట్టుబాటు ఇది. సముద్రం మీద ఏ పనైనా, బడిపిల్లల ప్రశ్న ఒక్కటైనా తెరిచి ఉన్నంతకాలమే. ముసలాళ్ళ బెంగ తీర్చడానికి పడవలకు బియ్యం పంపలేం, రేపు బతకబోయే వాళ్ళకు కావాలంటేనే పంపుతాం అన్నారు. ఆ రోజు ఆహా ఎంత బాగా చెప్పారు అని చెయ్యెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ చెయ్యి ఇప్పుడు కనబడితే ఒక్కటి వేద్దును.

మిగిలిన ప్రశ్న వంతల చిలకమ్మది. మూడో తరగతి. వాళ్ళ తాతముత్తాతలు కూడా సముద్రం చూసి ఎరగరు. "తాబేలుకి తిరిగొచ్చే దారి ఎవులు సెప్తారు అత్తా?" అని ఎప్పుడో వానాకాలంలో అడిగింది. ప్రతి బుధవారం ఒక ముక్క చెప్పి, మిగతాది పైవారం అంటూ నెట్టుకొస్తున్నాను. పాపం ఆ పిల్ల ప్రతివారం "సరే అత్తా" అంటుంది.

613. శుక్రవారం

ఇసుక పని. తెల్లారగానే గొట్టం దించి, అడుగు నుంచి ఇసుక తోడి, గోనె బస్తాల్లో నింపి, తుఫాను షెల్టరు చుట్టూ పేర్చి, పైన మెత్తటి ఇసుక పరవాలి. సాయంత్రానికి అలలు వచ్చి అంచుల్లో పరిచిందంతా గీరుకుపోతాయి. మర్నాడు మళ్ళీ మొదలు. డానియేలు నడుం పట్టేసిందని మూలిగాడు. పాతికేళ్ళవాడివి, నీకు నడుమేమిటయ్యా, అది నా వయసు వాళ్ళకుండేది అన్నాను.

మా కింద ఉప్పాడ ఉంది. ఊళ్ళో ఇప్పటికీ నీళ్ళ పైకి కనిపించేది తుఫాను షెల్టరు పైకప్పు ఒక్కటే. దాని చుట్టూ మేం పోసిన ఇసుకే ఈ తీరానికంతటికీ మిగిలిన ఒడ్డు. మా పడవ కంటే పొట్టిది. అలాంటి ఒడ్డుకు ముగ్గురు మనుషులు, ఒక పడవ, రోజూ చాకిరీ.

నా చిన్నప్పుడు తుఫాను వస్తుందంటే మా పిల్లలకు పండగే. ఊరంతా ఈ షెల్టరులోనే. పెద్దవాళ్ళు పడవలేమయ్యాయో, వలలేమయ్యాయో అని ఏడుస్తుంటే, మేం పులిహోర పొట్లాల కోసం లైను కట్టేవాళ్ళం. మగ్గాల వాళ్ళ పిల్లలూ, వలల వాళ్ళ పిల్లలూ ఒక్క చాప మీద పడుకునేవాళ్ళం. మా అమ్మ ఒంటినిండా ఎండుచేపల వాసన. అది ముక్కుకు తగిలితేనే నాకు నిద్ర పట్టేది. గాలి తగ్గాక బీచి రోడ్డు మీదికి పరుగెత్తేవాళ్ళం. కాకినాడ బస్సు వెళ్తుంటే అల లేచి కిటికీల మీద పడేది. లోపలి వాళ్ళవి తిట్లు, బయట మావి ఈలలు. ఆ రోడ్డు ఇప్పుడు మా గొట్టం కింద ఉంది. నిన్న ఇసుకతో పాటు నీలం రంగు గచ్చుపెంకు ముక్క ఒకటి వచ్చింది. ఎవరింటిదో. కడిగి, నా దిండు కింద పెట్టుకున్నాను.

ఇంత బెంగ ఉన్నట్టు కొండ పంచాయతీకి తెలిస్తే రేపే వెనక్కి పిలుస్తారు. కానీ ఈ ఇసుక నా బెంగ కోసం కాదు, ఒట్టు. ఊరు పూర్తిగా పోయిన ఏడాది, అల కోసేస్తున్న గట్టులో ఒక తాబేటి గూడు బయటపడింది. ఆ గుడ్లు బొక్కెనలో పెట్టి తెచ్చి, షెల్టరు మీద ఇసుక పోసి పాతాను. పిల్లలు లేచాయి. ఒక్కొక్కదానికీ చిప్ప అంచున ఎడమ పక్క చిన్న గాటు పెట్టి వదిలాను. ఆడవి పెద్దయ్యాక పుట్టిన చోటికే గుడ్లు పెట్టడానికి వస్తాయి. పద్దెనిమిదేళ్ళు నిండాయి. వస్తే ఈ చలికాలమే రావాలి. వచ్చేసరికి ఇక్కడ ఇసుక లేకపోతే గుడ్లు నీళ్ళలో వదిలేసి పోతాయి. అక్కడితో ఆ వంశం సరి.

618. బుధవారం

కొంప మునిగింది. ఇప్పటికే ఒకసారి మునిగిన కొంప, మళ్ళీ మునిగింది.

పొద్దున గొట్టానికి ఏదో అడ్డం పడింది. నేను దిగి చూశాను. ఎవరిదో పాత వల, చుట్టలు చుట్టలుగా. అది కోసి పైకి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ప్రశ్నల గంట డానియేలే నడిపేశాడు. వాడి మొహం వెలిగిపోతోంది.

"రత్నంగారండీ, మీరు వినాల్సిందండి! పిల్లల్చేత సూదిని అయస్కాంతానికి రుద్దించానండి. ఆకు మీద పెట్టి, పళ్ళెంలో నీళ్ళ మీద వదలమన్నాను. ఎన్నిసార్లు తిప్పినా ఒక్క పక్కకే తిరుగుతోందని ఒకటే కేకలండి! భూమి లాగుడు చోటుచోటుకీ వేరుగా ఉంటుంది, పుట్టిన చోటి లాగుడు తాబేలు ఒంట్లో గుర్తుండిపోతుంది, అందుకే తిన్నగా మీ అత్త పోసిన ఇసుక దగ్గరికే వస్తుందని చెప్పానండి. ఎంత చక్కగా అర్థమైందో చిలకమ్మకి!"

"అర్థమై ఏమంది?"

"సాలు మావయ్యా అందండి." ఆ మాట అన్నాకే వాడి మొహంలో వెలుగు పోయింది. నాకేసి చూశాడు, పలక కేసి చూశాడు. పలక మీద గుర్రయ్య బావ అప్పటికే గుడ్డ పెట్టి తుడిచేశాడు. శుభ్రంగా ఉంది.

"ఎవడయ్యా నిన్ను అంత బాగా చెప్పమంది?" అన్నాను. తడి బట్టలతోనే కూలబడ్డాను. "కాస్త తికమకగా చెప్పి చావలేకపోయావా? నిన్ను చదివించిన వాళ్ళను అనాలి ముందు!"

"ఊరుకోయే నూకాలు," అన్నాడు గుర్రయ్య బావ. మా ఇద్దరిదీ ఈ మునిగిన ఊరే, చిన్నప్పటి నుంచీ నన్ను అలాగే పిలుస్తాడు. "ఆడికేటి తెలుసు? పిల్లలడిగితే సెప్పాలనుకున్నాడు. నువ్వే నెలలు నెలలు నాంచేవు."

డానియేలు పడవ వెనక్కి పోయి, ఖాళీ బస్తా ఒకటి పట్టుకుని నిలబడ్డాడు. పడుచువాడు ఏడుస్తుంటే చూడడం నాకు చేతకాదు. కాసేపాగి వెళ్ళి, ఆ సూది ముక్క నిజంగానే బాగుందయ్యా అన్నాను. బాగుంది మరి. అదే కదా నా ఏడుపు.

619. గురువారం

పంచాయతీ నుంచి పిలుపు వచ్చింది. వచ్చే బుధవారం పిల్లలకు వీడ్కోలు చెప్పి, గొట్టం విప్పుకుని వచ్చెయ్యండి అని. కోపంగా కాదు, మర్యాదగానే చెప్పారు. మా కోసం కొండ మీద మూడు గదులు సున్నం కొట్టించి ఉంచారట.

కొండ మీద బడి నడిపే మంగ టీచరుకు ఒక్క మాట అందిస్తే పనైపోతుంది. పిల్లల్చేత ఏదో ఒకటి అడిగించమ్మా అంటే ఆవిడ కాదనదు. ఆ మాట పైకి అన్నానో లేదో, గుర్రయ్య బావ గయ్యిమన్నాడు.

"అడిగించిన ప్రెశ్న సెల్లదు. ఆ ముక్క నీకు తెలుసు. బయటపడిందనుకో, ఆ బడికి ఇంక ప్రెశ్నల గంటే ఉండదు. పిల్లల నోరు నొక్కేసి తాబేళ్ళని బతికిస్తావా?"

నేను వెళ్ళి ఇసుక తోడాను. రోజూ కంటే పది బస్తాలు ఎక్కువే వేసి ఉంటాం, డానియేలు ఎవరూ చెప్పకుండానే రెండు చేతులా మోశాడు. మనం పోయాక ఇది ఎన్నాళ్ళు నిలుస్తుంది అని అడిగాడు. ఒక పౌర్ణమి పోటు, మహా అయితే రెండు అన్నాను.

సాయంత్రం ముగ్గురం షెల్టరు మీద కూర్చుని అన్నం తిన్నాం. సరిగ్గా దాని కిందే, ఆ మూలన, గుర్రయ్య బావ నా పులిహోర పొట్లం లాక్కుని పారిపోయాడు ఒకసారి. ఆ సంగతి ఎత్తాను. "ఇంకా గుర్తెట్టుకున్నావంటే!" అని నవ్వాడు. తన కంచంలోంచి చేప ముక్క తీసి నా కంచంలో వేశాడు. అప్పుల్లేవు పో అన్నాడు.

625. బుధవారం

వీడ్కోలు గంట. పిల్లలందరికీ టీచరు బాగా నేర్పినట్టుంది, ఒక్క గొంతుతో "సముద్రం అత్తకు, డానియేలు మావయ్యకు, సరంగు తాతకు ధన్యవాదాలు" అన్నారు. పాట పాడారు. నేను రెండు మాటలు చెప్పాను. బాగా చదువుకోండి, మీ టీచరును ఏడిపించకండి అన్నాను.   గుర్రయ్య బావ యంత్రం కట్టెయ్యడానికి చెయ్యి చాపాడు.

అప్పుడు వినబడింది, వెనక బెంచీ నుంచి కాబోలు, దూరంగా. "అత్తా, నువ్వొచ్చేత్తే మరి తాబేలొచ్చినప్పుడు ఇసక ఎవులు ఏత్తారు?"

"చిలకమ్మా, ఈ రోజు ప్రశ్నల్లేవని చెప్పానా? కూర్చో," అంది మంగ టీచరు.

"అది కాదు టీచర్! మావయ్యే కదా సెప్పాడు, అత్తేసిన ఇసక కాడికే వొస్తాదని. అత్త కొండకొచ్చేత్తే అది వొచ్చి ఏటి సేస్తాది?"

మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నేను అడిగించలేదు. డానియేలు అడిగించలేదు. వాడు మరీ అంత బాగా చెప్పబట్టే ఆ పిల్లకు తట్టింది. గుర్రయ్య బావ సుద్దముక్క కోసం వెతుక్కుంటున్నాడు, చెవి మీదే ఉంది అది.

"సెప్పు అత్తా," అంది చిలకమ్మ.

"ఇప్పుడు చెప్పలేనమ్మా," అన్నాను. "వచ్చినప్పుడే చూసి చెప్పాలి." పుట్టి బుద్ధెరిగాక ఇంత నిజం నేనెప్పుడూ చెప్పలేదు. రెండు ఊపిరుల తర్వాత, "సరే అత్తా," అని వినిపించింది.

యంత్రం కట్టేశాక డానియేలు పడవ చివరి దాకా పరుగెత్తి, ఎవరూ లేని సముద్రం కేసి తిరిగి గట్టిగా ఈల వేశాడు. వాణ్ణి తిట్టడానికి ఏ కారణమూ దొరకలేదు నాకు.

627. శుక్రవారం

తెల్లవారింది. నేను బొక్కెన పట్టుకుని షెల్టరు మీదికి దిగాను. ఇసుక మీద చాళ్ళు. రెండు పక్కలా రెక్కలతో తోసుకుంటూ ఎక్కిన చాళ్ళు. పైకి వెళ్ళినవి ఉన్నాయి, కిందికి దిగినవి లేవు.

అది ఇంకా అక్కడే ఉంది. మేం పరిచిన మెత్తటి ఇసుకలో గుంట పూడ్చుకుంటోంది. వెనక రెక్కలతో ఇసుక తోసి, ఒళ్ళు అటూ ఇటూ ఊపి, దిమ్మిస కొట్టినట్టు అణగదొక్కుతోంది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. అది ఒంట్లో ఉప్పు బయటికి పోవడమేనని నాకు తెలుసు, ఏళ్ళ తరబడి పిల్లలకు నేనే చెప్పాను. అయినా నా కళ్ళ నుంచి కారినవాటికి ఆ సాకు లేదు.

పని అయ్యాక అది నీళ్ళ కేసి తిరిగింది. పక్క నుంచి వెళ్తుంటే వంగి చూశాను. చిప్ప అంచున, ఎడమ పక్క, గాటు. నేను పెట్టినప్పుడు నా గోరంత కూడా లేదు. చిప్పతో పాటు అదీ పెరిగింది, ఇప్పుడు నా వేలు పడుతుంది. వేలు పెట్టి చూశాను. ఎంత పెద్దదానివయ్యావే నా తల్లీ అన్నాను. అది ఆగలేదు. దానికి నేనెవరు? ఇసుక ముఖ్యం దానికి. నీళ్ళలోకి జారి, ఒక్కసారి తల పైకెత్తి, మునిగిపోయింది.

పడవ మీద డానియేలూ, గుర్రయ్య బావా నిలబడి ఉన్నారు. ఎప్పటి నుంచి చూస్తున్నారో.  బావ తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు.

631. మంగళవారం

డానియేలు నాలుగు రోజులుగా ఏదో నములుతున్నాడు. ఈ రోజు కక్కేశాడు.

"రత్నంగారండీ, రేపు చెప్పకండి. తాబేలొచ్చిందని చెబితే, ఆ పాప చాలంటుందండి. మనం పోతే గుడ్లు పిల్లలయ్యేలోపే అల తీసుకుపోతుంది. నెలా రెండు నెలలు ఆగి చెబుదామండి. మీరే కదండీ అంతకుముందు..."

వాడు చెప్పింది నా విద్యే. నాంచడంలో నన్ను మించినవాళ్ళు లేరు. గుర్రయ్య బావ కూడా ఈసారి కాదనలేదు, వల అల్లుతున్నట్టు తల వంచుకున్నాడు.

కానీ ఆ పిల్ల బెంచీ మీద లేచి నిలబడి అడిగింది. కూర్చోమన్నా కూర్చోకుండా అడిగింది. జవాబు దాని కంటే ముందు నాకు తెలిసిందని, నా దగ్గర దాచుకుని పెట్టుకుంటే ఎలా? మా అమ్మ నాకు తీపి మాటలు చెప్పి ఏదీ దాచలేదు. తుఫాను రాత్రి నాన్న పడవ రాలేదని అడిగిన వెంటనే చెప్పేసింది. అందుకే ఆ షెల్టరులో ఆవిడ పక్కన నాకు నిద్ర పట్టేది. ఈ మాట డానియేలుకు చెప్పలేదు. చెప్పేద్దామయ్యా అని మాత్రం అన్నాను.

632. బుధవారం

చెప్పేశాను. చాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి గాటు దాకా, ఏదీ మిగల్చకుండా, డానియేలులాగే బాగా చెప్పాను. "చిలకమ్మా, ఇసుక ఎవరు వేస్తారని అడిగావు. మేమే వేశాం. అది వచ్చింది, గుడ్లు పెట్టింది, వెళ్ళింది. ఇదమ్మా నీ జవాబు."

రెండు ఊపిరులు. తర్వాత బడంతా చప్పట్లు, కేకలు, ఎవరో బెంచీ మీద నుంచి దూకిన చప్పుడు. సద్దుమణిగాక మంగ టీచరు అడగవలసిన మాట అడిగింది. "చిలకమ్మా, చాలా మరి?"

గుర్రయ్య బావ గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. డానియేలు నేల చూపులు చూస్తున్నాడు.

"ఆ గుడ్లు పిల్లలవుతాయా అత్తా?"

"అవుతాయమ్మా."

"అయి పెద్దయినాక మళ్ళా ఆ ఇసక కాడికే వొస్తాయా?"

"ఆడవైతే వస్తాయి. నువ్వు మీ టీచరంత అయ్యాక."

"అప్పుడూ ఇసక ఉంటాదా?"

నాకు అప్పటికి డెబ్బై ఆరేళ్ళు వస్తాయి. బస్తా ఎత్తలేను, నీళ్ళలోకి దిగలేను, ఉంటానో లేదో కూడా తెలియదు. "అది నాకు తెలియదు తల్లీ," అన్నాను.

"అయితే సాల్దు," అంది చిలకమ్మ.

 అడిగిన పిల్ల చాలదంటే టీచరు కూడా కాదు అనడానికి లేదు కట్టుబాటులో.

"అత్తా, ఇన్నావా? నాను పెద్దయినాక నానొచ్చి ఏత్తాను ఇసక. అందాకా నువ్వెయ్యి."

"వేస్తానమ్మా," అన్నాను. 

గుర్రయ్య బావ గుడ్డ పక్కన పడేసి, పలక మీద ఆ పిల్ల ప్రశ్న రాశాడు. ఈసారి చెరిగిపోకుండా లోతుగా గీసి రాశాడు. డానియేలు అప్పుడే బస్తాలు సర్దుతున్నాడు. పౌర్ణమి దగ్గరపడుతోంది, గూడు ఉన్న పక్క ఇంకో వరస పేర్చాలి. రేపు తెల్లారగానే గొట్టం దించుతాం.